జొన్నరొట్టె విరగకుండా ఎలా కుదిరిందంటే

మహబూబ్‌నగర్‌లో మేము నలుగురు స్నేహితురాళ్లం నెలకొకసారి కలుసుకొని, ఇంట్లో బాగా కుదిరిన వంటకాన్ని కొలతలతో సహా చీటీ మీద రాసి ఒకరికొకరం ఇచ్చుకుంటాము. నారాయణపేట వైపు స్నేహితురాలు ఇచ్చిన జొన్నరొట్టె చీటీలో ‘వేడినీళ్లతో పిండి కలపాలి’ అని మాత్రమే ఉండడంతో నేను గోరువెచ్చని నీళ్లు పోశాను. తట్టుతుండగానే అంచులు పగిలి, పెంక మీదికి ఎత్తేసరికి రొట్టె మూడు ముక్కలైంది.

పిండి పాతదేమోనని కొత్తగా పట్టించాను. కొంత నయమైంది గానీ పగుళ్లు ఆగలేదు. చివరకు ఆమె ఇంటికి వెళ్లి పక్కన నిలబడి చూస్తే, ఆమె దృష్టిలో వేడినీళ్లంటే మసిలే నీళ్లేనని తెలిసింది. గోధుమపిండిని సాగేలా పట్టి ఉంచే గ్లూటెన్ అనే మాంసకృత్తు జొన్నలో ఉండదు కాబట్టి, మసిలే నీటికి పిండి ఉబ్బి జిగురుగా మారితేనే రొట్టె విడిపోకుండా నిలుస్తుంది.

ఇప్పుడు గ్లాసు పిండికి ముప్పావు గ్లాసు మసిలే నీళ్లు పోసి, గరిటెతో కలిపి, మూతపెట్టి 5 నిమిషాలు ఆగి, చేయి ఓర్చుకునే వేడి ఉండగానే ఒక్క రొట్టెకు సరిపడా ముద్దను అరచేతితో గట్టిగా మెదుపుతున్నాను. పెంక మీద వేశాక పైన తడిగుడ్డతో అద్దాలన్న మాటా చీటీలో లేదు. చేయి తిరిగినవాళ్లకు ఇలాంటివి రాయాలని తోచదు. ఆ రెండు మాటలూ ఎర్ర సిరాతో చేర్చి, మిగిలిన ఇద్దరికీ కొత్త చీటీలు ఇచ్చాను.