బడులు తెరిచేలోపు: ప్రత్యేక అవసరాలున్న పిల్లల అడ్మిషన్‌కు జాగ్రత్తలు

“మీ బాబును చూసుకునే టీచర్ లేరు” అని నోటిమాటతో పంపించేస్తే ఊరికే వెనక్కి రావద్దు. దరఖాస్తు రాసిచ్చి, రెండో కాపీ మీద తేదీ, సంతకం, ముద్ర వేయించుకోండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడి వైకల్యం పేరుతో చేర్చుకోననకూడదు. కర్నూలులో మా అక్క కొడుకు కోసం ఒక బడి చుట్టూ మూడు వారాలు తిరిగాం. ఎంఈవో (మండల విద్యాధికారి) దగ్గరికి పోతే చూపించడానికి చేతిలో కాగితం ముక్క లేదు. తర్వాత దరఖాస్తు టేబుల్ మీద పెట్టగానే, అంతవరకూ తల ఎత్తని గుమాస్తా లేచి లోపలికెళ్ళాడు.

సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) తాత్కాలికమా, శాశ్వతమా చూడండి. తాత్కాలికమైతే గడువు దాటకముందే మళ్ళీ వైకల్య పరీక్షకు స్లాట్ పెట్టుకోవాలి. వైకల్య శాతం కూడా చూసుకోండి: 40, ఆపైన ఉంటే 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత విద్య హక్కు. మిగతా పిల్లలకు అది 14 వరకే.

పిల్లాడికి ఎంట్రన్స్ టెస్ట్ పెడతామంటే ఒప్పుకోవద్దు. విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి వరకు దాన్ని నిషేధించింది.

జనన ధ్రువపత్రం లేదని ఆగిపోకండి, అది లేదని సీటు నిరాకరించకూడదు.

పదో తరగతికి వస్తుంటే స్క్రైబ్ (పిల్లాడు చెబితే పరీక్ష రాసిపెట్టేవారు), అదనపు సమయం సంగతి హెడ్‌మాస్టర్‌కు ఇప్పుడే రాసివ్వండి. హాల్ టికెట్ వచ్చాక అడిగితే టెన్షన్ మీకే.