ఎలివేషన్‌కు ఆకాశం – 3వ పాఠం: ముందు నీడ, తర్వాతే ఆకాశం

ఎలివేషన్ అంటే ఇల్లు ముందు నుంచి ఎలా కనిపిస్తుందో చూపే బొమ్మ. పోయిన పాఠంలో బ్లెండర్‌లో (3డీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్) ఫిల్మ్ కింద ట్రాన్స్‌పరెంట్ టిక్ పెట్టి, ఇంటిని వెనక ఏమీ లేకుండా పీఎన్‌జీగా సేవ్ చేసుకున్నాం. ఇప్పుడు ఆ ఖాళీలో ఆకాశం పెడదాం. అయితే ఫొటోలు వెతికే ముందు మీ రెండర్‌లో (బ్లెండర్ తయారుచేసి ఇచ్చిన బొమ్మలో) నీడలు ఎటు పడ్డాయో చూడండి.

హైదరాబాద్‌లో ఒక తూర్పు ఫేసింగ్ జీ ప్లస్ వన్ ఇల్లు అనుకుందాం. కెమెరా రోడ్డు మీద ఉంది. అంటే మనం పడమరకు చూస్తున్నాం, ఇంటి వెనక కనిపించేది పడమటి ఆకాశం. ముందు గోడ మీద ఎండ ఉందంటే అది ఉదయం, సూర్యుడు మన వీపు వైపు ఉన్నాడు. ఆ వేళ పడమటి ఆకాశం నీలంగానే ఉండాలి. కానీ మనవాళ్లు చేసే ఎలివేషన్లలో ఎండ పడిన గోడ వెనక నారింజ రంగు సూర్యాస్తమయం తరచూ కనిపిస్తుంది. ఒక్క ఇంటికి ఇద్దరు సూర్యుళ్లన్నమాట! కారణం చెప్పలేకపోయినా, అతికించారని ఎవరైనా పట్టేస్తారు.

ఇంటివాళ్లు సాయంత్రం ఆకాశమే కావాలంటే కాదనక్కర్లేదు. ఆకాశం ఒక్కటే మారిస్తే చాలదు, రెండర్ మళ్లీ చేయాలి. బ్లెండర్‌లో సూర్యుడిలా పనిచేసే సన్ లైట్‌ను పడమర నుంచి వచ్చేలా తిప్పండి. ముందు గోడను నీడలో ఉంచి, సిటౌట్‌లో, బాల్కనీలో లైట్లు వెలిగించండి. నాకైతే ఇదే ఎక్కువ అందంగా అనిపిస్తుంది.

సూర్యుడి ఎత్తు కూడా కలవాలి. నీడ పొడవు గోడ ఎత్తుకు సమానమైతే సూర్యుడు 45 డిగ్రీల మీద ఉన్నట్టు. హైదరాబాద్‌లో డిసెంబరు 21న కూడా మధ్యాహ్నం సూర్యుడు దాదాపు 49 డిగ్రీల ఎత్తుకు వస్తాడు. కాబట్టి మిట్టమధ్యాహ్నపు సీన్‌లో గోడకు రెండింతల నీడ ఉంటే సన్ లైట్ కోణం తప్పని అర్థం. మేఘాల వెలుగు నీడ పడిన వైపే ఉంటే, ఫొటోను కుడిఎడమలు తిప్పేయండి.

ఇక దిగంత రేఖ, అంటే ఆకాశం, నేల కలిసినట్టు కనిపించే గీత. స్లాబు అంచుల్నీ కిటికీల అడ్డగీతల్నీ పొడిగిస్తే అవి కలిసే ఎత్తే అది. ఆకాశం ఫొటోలోని దిగంతం సరిగ్గా అక్కడే కూర్చోవాలి. చాలామంది ఫొటోను కిందికి జరిపి, నడినెత్తిన ఉండాల్సిన పెద్ద మేఘాల్ని కాంపౌండ్ గోడ వెనక పెడతారు. అప్పుడు ఇల్లు బొమ్మరిల్లులా చిన్నదైపోతుంది. దూరపు మేఘాలు చిన్నగా, పలచగా ఉంటాయి. ఫొటో చాలకపోతే పొడవు, వెడల్పు కలిపి పెంచండి, నిలువునా సాగదీయొద్దు. దిగంతం దగ్గర తెల్లటి గ్రేడియంట్ (క్రమంగా పలచబడే రంగు) 15, 20 శాతం ఓపాసిటీలో (రంగు చిక్కదనం) వేస్తే మన ఊళ్ల దుమ్ము, తేమ కూడా వచ్చేస్తాయి.

చెట్ల అంచుల్లో తెల్ల గీత మిగిలితే ఫొటోషాప్‌లో లేయర్ మెనూలో మ్యాటింగ్, అందులో డిఫ్రింజ్ ఎంచుకుని 1 పిక్సెల్ ఇవ్వండి. ఫొటోలకు పాలీ హేవెన్ వెబ్‌సైట్ చూడండి. అక్కడివన్నీ ఎవరైనా ఉచితంగా వాడుకోగల సీసీ జీరో లైసెన్స్‌వే, డబ్బులు తీసుకుని చేసే పనికీ వాడొచ్చు.

ఈ వారం అదే ఇంటికి ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి చేసి పక్కపక్కన పెట్టుకోండి. కిటికీ అద్దాల జోలికి మాత్రం వెళ్లకండి. వాటిలో కనిపించాల్సింది ఇంటి వెనక ఆకాశం కాదు, కెమెరా వెనక ఉన్న తూర్పు ఆకాశం. 4వ పాఠం అంతా దాని గురించే.