అంబాసిడర్ బ్రేకు పెడల్ తేడాగా ఉందా? మాస్టర్ సిలిండర్ విప్పేముందు, విప్పాక

పాత అంబాసిడర్లలో చాలావాటికి బ్రేకు లైను ఒక్కటే. నాలుగు చక్రాలకూ బ్రేక్ ఆయిల్ తోసేది ఆ ఒక్క మాస్టర్ సిలిండరే. అది చేతులెత్తేస్తే ఇక మిగిలేది హ్యాండ్ బ్రేకు. కాబట్టి పెడల్ తేడా కొట్టిన రోజే బండి పక్కన పెట్టండి. కానీ వెంటనే కిట్ (మాస్టర్ లోపలి రబ్బరు వాషర్ల సెట్) కొనడానికి పరుగెత్తకండి. తప్పు మాస్టర్‌దో కాదో ముందు తేలాలి.

పెడల్ మెల్లగా కిందికి దిగిపోతోంది

ఆగి ఉన్న బండిలో పెడల్‌ను ఒకే బరువుతో ఒక నిమిషం తొక్కి పట్టండి. పెడల్ దిగుతూనే ఉండి, మాస్టర్‌కు ఆయిల్ అందించే డబ్బాలో మట్టం మాత్రం తగ్గకపోతే, లోపల ఆయిల్‌ను తోసే మెయిన్ వాషర్ దాన్ని వెనక్కి వదిలేస్తోందని అర్థం. పుష్ రాడ్ (పెడల్ నుంచి పిస్టన్‌ను తోసే కడ్డీ) దగ్గరి రబ్బరు బూటు లోపల తడి ఉంటే వెనక వాషర్ పోయింది. రెండింటికీ మందు కిట్టే.

ఆయిల్ తగ్గుతూ బూటు పొడిగా ఉంటే డ్రమ్ములు విప్పి వీల్ సిలిండర్లు (చక్రం దగ్గర షూలను తోసేవి) చూడండి, పైపు జాయింట్లు కూడా. మొదటిసారి లోతుకు పోయి రెండోసారి పైకి వచ్చే పెడల్‌కు షూలు టైట్ చేస్తే సరిపోతుంది. స్పాంజిలా ఉంటే లైనులో చేరిన ఎయిర్ తీయాలి.

బ్రేకు పట్టేసి వదలడం లేదు

జనాన్ని ఎక్కువ తిప్పలు పెట్టేది ఇదే. కొంత దూరం పోగానే డ్రమ్ములన్నీ కాలిపోతాయి, న్యూట్రల్‌లో తోసినా బండి కదలదు. పెడల్ వదలగానే వాషర్ వెనక్కి జరిగి బోరులోని (సిలిండర్ లోపలి గొట్టంలోని) ఒక సన్నటి రంధ్రాన్ని తెరవాలి. వేడికి పెరిగిన ఆయిల్ డబ్బాలోకి తిరిగి పోయే దారి అదే. అది మూసుకుంటే ప్రెషర్ లోపలే చిక్కుకుంటుంది. ఒక చక్రం దగ్గర బ్లీడింగ్ నిపిల్ (ఎయిర్ తీసే స్క్రూ) లూజు చేయండి. ఆయిల్ చిమ్మి చక్రాలన్నీ ఫ్రీ అయితే జబ్బు ఇక్కడే. ముందు చక్రం ఒక్కటే పట్టేస్తుంటే మాత్రం దాని హోస్ పైపును అనుమానించండి.

పుష్ రాడ్‌కూ పిస్టన్‌కూ మధ్య మిల్లీమీటరుకు కాస్త తక్కువగా ఖాళీ ఉండాలి. అది లేకపోతే సరిచేయండి, చాలాసార్లు పని అక్కడితోనే అయిపోతుంది. ఖాళీ ఉన్నా పట్టేస్తుంటే రంధ్రంలో మట్టి చేరి ఉండాలి, లేదా వాషర్ ఉబ్బి ఉండాలి. ఇంజన్ ఆయిల్ పోసినా, పెట్రోలుతో కడిగినా ఈ రబ్బరు ఉబ్బుతుంది. అప్పుడు మాస్టర్ కిట్ ఒక్కటే చాలదు. వీల్ సిలిండర్ వాషర్లు, హోస్ పైపులు అన్నీ మార్చి, ఇనుప పైపులను స్పిరిట్‌తో కడగాలి.

విప్పాక

సర్క్లిప్ (భాగాలను లోపల పట్టి ఉంచే స్ప్రింగు రింగు) తీసి భాగాలు వచ్చిన వరసలోనే బట్ట మీద పేర్చి ఫోటో తీసుకోండి. పిస్టన్‌కూ మెయిన్ వాషర్‌కూ మధ్య ఒక పల్చటి రేకు ఉంటుంది, అది పాత వాషర్‌కు అంటుకుని చెత్తబుట్టలోకి పోవడం మామూలే.

బోరును స్పిరిట్‌తో తుడిచి, టార్చి వేసి, వాషర్ నడిచే మేర గోటితో తడమండి. మరకైతే పోతుంది. గోరు తట్టుకుంటే అది గుంట. గుంటలు పడ్డ బోరులో కొత్త కిట్ వేయకండి. ఎంత మంచి కిట్ అయినా ఆ వాషర్ అంచు నిలవదు. తెలిసిన లేత్ షాపులో స్లీవ్ (బోరు లోపల కొత్త గొట్టం) వేయించండి, లేదా సిలిండర్ మార్చండి. స్లీవ్ వేయిస్తే ఆ సన్నటి రంధ్రం పాత చోటే పడిందా, లోపల అంచు నున్నగా ఉందా అని చూడందే తీసుకోవద్దు. గరుకు అంచు కొత్త వాషర్‌ను కోసేస్తుంది. రంధ్రాన్ని సన్నటి రాగి తీగ పోచతో శుభ్రం చేయండి, డ్రిల్ పెట్టొద్దు.

వాషర్లను కొత్త బ్రేక్ ఆయిల్‌తో తడిపి, మెయిన్ వాషర్ పెదవి స్ప్రింగు వైపు ఉండేలా ఎక్కించండి. గ్రీజు తగలనివ్వకండి. బిగించాక దూరపు చక్రం నుంచి, అంటే వెనక ఎడమ చక్రం నుంచి ఎయిర్ తీయడం మొదలుపెట్టండి. బ్రేక్ ఆయిల్ బండి పెయింటు మీద పడితే వెంటనే నీళ్లు పోయండి.

కొత్త డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 140 దగ్గరే మరగొచ్చు. బోరును తినేదీ ఆ తేమే. బండి షెడ్డులోనే ఉన్నా రెండేళ్లకోసారి ఆయిల్ మార్చండి.