జాలరిపేటలో సర్వేకి వెళ్తున్నారా?

"నెలకు ఎంత వస్తుంది?" అని మాత్రం అడక్కండి. విశాఖ పెదజాలరిపేటలో మొదటిరోజు నేను అదే అడిగాను. వల బాగుచేసుకుంటున్న తాత తలెత్తకుండానే "సముద్రాన్నడుగమ్మా" అన్నాడు.

ఆఖరి వేట గురించి అడగండి. డీజిల్ ఎన్ని లీటర్లు, ఐస్ ఎంత, ఏ చేప ఎన్ని కిలోలు, వేలంలో ఎంత పలికింది. ఖర్చులు పోయాక పంపకం ఎలా జరిగిందో తప్పకుండా రాసుకోండి: పడవకెంత, వలకెంత, మనిషికెంత. పడవ ఉన్నవాళ్లకీ కూలికెళ్లేవాళ్లకీ తేడా తెలిసేది అక్కడే. చేపలకి కానాగంతలు, కవ్వలు అని వాళ్లు చెప్పిన పేర్లే రాయండి; శాస్త్రీయ నామాలు ఇంటికెళ్లి చూసుకోవచ్చు.

పొద్దున్నే వేలం మధ్యలో ఫారం పట్టుకుని దూరితే తిట్లే. భోజనాలయ్యాక వెళ్లండి. ఆడవాళ్లతో విడిగా మాట్లాడండి, గంప ఎత్తుకుని వీధుల్లో అమ్మేది వాళ్లే. నా ఫారంలో అప్పుకి ఒకటే గడి ఉండేది. ఒకావిడ వడ్డీ వ్యాపారి, డ్వాక్రా, బంగారం తాకట్టు అని మూడు చెప్పేసరికి అంచుల్లో రాసుకున్నాను. మీరు ముందే మూడు గడులు పెట్టుకోండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం, 61 రోజులు. అప్పుడోసారి, బోట్లు కదిలాక ఇంకోసారి, అవే ఇళ్లకి వెళ్లండి.