ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్ నేర్చుకోవాలంటే ముందు చెరువు గట్టుకి వెళ్ళండి

భీమవరం, ఆకివీడు వైపు ఇంజినీరింగ్ చదివే పిల్లలు ప్రొడక్ట్ మేనేజర్ అవ్వాలంటే ఏ కోర్సు చెయ్యాలని అడుగుతుంటారు. కోర్సు తర్వాత చూద్దాం. ఎవరి సమస్య తీర్చాలి, ఏది ముందు కట్టాలి, ఏది అసలు కట్టకూడదు, ఇవి తేల్చి ఆ ఫలితానికి బాధ్యత తీసుకోవడమే ఈ ఉద్యోగం. 1931లో సబ్బులు తయారుచేసే అమెరికా కంపెనీ ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్‌లో నీల్ మెక్‌ఎల్‌రాయ్ అనే ఉద్యోగి ఒక్కో బ్రాండ్ బాగోగులన్నీ చూసుకునే మనుషులు కావాలని మెమో రాశాడు, దీని మూలాలు అక్కడున్నాయి.

రొయ్యల రైతులకి చెరువు నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే చెప్పే ఒక యాప్ చేద్దామనుకున్నారనుకోండి. "ఇలాంటిది ఉంటే వాడతారా అండి?" అని మాత్రం అడక్కండి, మనవాళ్ళు మర్యాదకి "ఆయ్, ఎందుకు వాడమండి" అనేస్తారు, మీరు ఆ మాట నమ్మి ఆర్నెల్లు కోడ్ రాస్తారు. జరిగినదాని గురించి అడగండి: "కిందటిసారి ఆక్సిజన్ పడిపోయినప్పుడు ఎలా తెలిసిందండి? అప్పుడు చెరువు దగ్గర ఎవరున్నారు? ముందు ఏం చేశారు?" రాత్రంతా నాచూ రొయ్యలూ ఆక్సిజన్ పీల్చుకోవడమే తప్ప ఎండ లేక కొత్తగా తయారవ్వదు కాబట్టి తెల్లవారుజాముకి బాగా తగ్గిపోతుంది, ఆ వేళ కరెంటు పోయి ఏరేటర్లు (నీళ్ళలో గాలి కలిపే మిషన్లు) ఆగితే రైతు ఊళ్ళో నిద్రలో ఉంటాడు, జనరేటర్ వెయ్యాల్సింది గట్టు మీద షెడ్డులో పడుకున్న మనిషి. అంటే డబ్బు కట్టేది ఒకరు, వాడేది ఇంకొకరు! నోటిఫికేషన్‌తో ఆ షెడ్డులో మనిషి లేవడు, ఫోన్ మోగితే లేవొచ్చు. ఇలాంటిది ఆఫీసులో కూర్చుంటే దొరకదు.

విన్నదాన్ని ఒక పేజీలో రాయండి. ఎవరికి, ఏ వేళ, ఇప్పుడు ఎలా నెట్టుకొస్తున్నారు, దానివల్ల ఏం పోతోంది. పరిష్కారం ఆ పేజీలో వద్దు.

తర్వాత యాప్ లేకుండానే పరీక్షించండి. నాలుగు చెరువులకి రాత్రిపూట మీటరుతో మీరే కొలిచి, తగ్గగానే మీరే ఫోన్ చెయ్యండి. వారం చేస్తే ఎవరు లేస్తున్నారో, ఎవరు విసుక్కుంటున్నారో తెలుస్తుంది. మేత లెక్కలు, కౌంట్ రేట్లు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నదాన్నిబట్టి పలికే ధరలు) కూడా పెట్టమని అడుగుతారు, రాసుకోండి కానీ ఇప్పుడే ఒప్పుకోవద్దు.

డౌన్‌లోడ్‌లు లెక్కపెట్టుకుని సంబరపడొద్దు. రొయ్యలు పైకి తేలకముందే ఎన్నిసార్లు ఏరేటర్ తిరిగింది, రెండో పంటకీ అడుగుతున్నారా, ఈ రెండూ చూడండి. ఇవి బాగుంటేనే ఇంజినీర్ దగ్గరికి వెళ్ళి, చెరువు నీళ్ళలో సెన్సర్‌కి నాచు పడుతుంది కదా, దాన్ని ఎవరు, ఎన్నాళ్ళకోసారి తుడవాలో ముందు మాట్లాడండి.