ఒళ్లో పెట్టుకుని జారకండి: మాల్ ఆటలకి బయల్దేరే ముందు

దసరా సెలవులొస్తున్నాయి. మా విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను పండగకి చుట్టాలు దిగుతారు. మంగళవారం సంబరం అయిపోయాక బుధవారం పొద్దున్నే పిల్లల గొడవ మొదలవుతుంది, ఎక్కడికైనా తీసుకెళ్ళమని. మా చిన్నప్పుడు కోట చుట్టూ ఓ తిరుగుడు, గంటస్తంభం దగ్గర ఓ ఐసు, మరీ గోల చేస్తే రామతీర్థం. ఇప్పుడు కారు మాట్లాడుకుని విశాఖ వెళ్ళిపోవడమే. మాల్ పై అంతస్తు, ఏసీ, జారుడుబల్లలు, ట్రాంపోలిన్లు, నడుములోతు రంగుబంతులు. వెళ్ళొద్దనను. మా వాణ్ణి నేనూ తీసుకెళ్ళాను.

పిల్లల చెయ్యి వదలొద్దు, జేబులో ఫోన్ నంబరు పెట్టండి, ఇవన్నీ మీకు తెలిసినవే. అవి మళ్ళీ రాయను. నేను విజయనగరంలో ఒక ఎముకల డాక్టరుగారి దగ్గర పిండికట్లు కట్టే పనిలో ఉన్నాను, పదకొండేళ్ళ నించి. మా గదిలోకి సెలవుల తర్వాత వచ్చే పిల్లల్లో సగం మంది వెనక ఒక్కటే తప్పు ఉంటుంది. చేసినవాళ్ళు నిర్లక్ష్యం మనుషులు కారు. అతి జాగ్రత్తపరులు.

పోయిన ఆదివారం రాత్రి తొమ్మిది దాటాక ఒక పాపని తెచ్చారు. రెండేళ్ళు నిండలేదు. కుడికాలు కింద పెట్టనంటోంది, ముట్టుకుంటే కేక. ఒక కాలి మేజోడు తీసేశారు గాని రెండో కాలికి ఇంకా ఉంది, ఆ ఆటల చోట కౌంటర్లో అమ్మినదే, అడుగున ఆకుపచ్చ రబ్బరు చుక్కలతో. ఎక్కడ పడిందమ్మా అని అడిగాను.

"పడనేదండి. నా ఒళ్లోనే ఉన్నాది. గట్టిగా పట్టుకునే జారినాను, ఒగ్గీనేదు."

ఆ మాట చెప్తున్నప్పుడు ఆమె రెండు చేతులూ ఖాళీగానే గుండె ముందు చుట్టుకుని ఉన్నాయి, పాప ఇంకా వాటి మధ్యలో ఉన్నట్టు. పాపేమో బల్ల మీద తాతగారి చొక్కా పట్టుకుని ఉంది. ఎక్స్‌రే ఫిల్ములో మోకాలి కింద పెద్ద ఎముక మీద సన్నటి గీత, ఏటవాలుగా, మెలి తిరిగి. ఆటల చోటు నించి వచ్చిన పిల్లకి ఆ గీత కనపడితే ముందు తట్టేది ఇదే. జారుడుబల్ల, పెద్దవాళ్ళ ఒళ్ళు.

ఎలా విరుగుతుందో చెప్తాను, ఎందుకంటే చెప్పకపోతే ఎవరూ నమ్మరు. పిల్ల ఒక్కతే జారుతోందనుకోండి. కాలు పక్కగోడకి ఆనుతుంది, రబ్బరు చుక్క పట్టేస్తుంది. పదికిలోల ఒళ్ళు, అక్కడే ఆగిపోతుంది, లేదా కాస్త పక్కకి వాలి కాలు విడిపించుకుంటుంది. మహా అయితే ఏడుస్తుంది. అదే అమ్మ ఒళ్లో ఉంటే పాదం ఆగుతుంది గాని అరవై కిలోల అమ్మ ఆగదు. పాప నడుము అమ్మతో కిందికి పోతుంది, పాదం పైనే ఉండిపోతుంది. తడిబట్ట పిండేటప్పుడు రెండు కొసలూ రెండు వైపులకి తిరుగుతాయే, ఆ మధ్యలో ఉన్నది ఆ ఎముక. మీరెంత గట్టిగా పట్టుకుంటే అంత గట్టిగా తిరుగుతుంది. జారకుండా ఉండాలని మీరే యాభయ్యో వందో పోసి కొన్న మేజోడు ఇక్కడ పట్టుకొమ్మై కూర్చుంటుంది.

అందుకని ఒళ్లో పెట్టుకుని జారకండి. ఒక్కతే జారలేని పిల్లకి ఆ బల్ల అవసరం లేదు. కింద చిన్నపిల్లల బల్ల ఉంటుంది, మోకాలంత ఎత్తుది. అక్కడ పక్కన నిలబడి చంక కింద చెయ్యి వేసి జారించండి. ఫొటో అంత బాగా రాదు, నిజమే.

ఇంకో సంగతి. ఈ దెబ్బ మొదటిరోజు ఎక్స్‌రేలో ఒక్కోసారి కనపడదు. "ఫిల్ము బాగానే ఉంది" అని ఇంటికి తీసుకెళ్ళిపోతారు, పిల్ల మాత్రం కాలు మోపదు. గారాలు పోతోంది అంటారు. రెండేళ్ళ పిల్ల గారానికి కుంటదు. ఎముక అతుక్కోవడం మొదలయ్యాక, వారం పదిరోజులకి తీసిన ఫిల్ములో తెల్లగా తేలుతుంది. కాలు మోపకపోతే మళ్ళీ తీసుకురండి. పసిఎముక, మూడు నాలుగు వారాల్లో అతుక్కుంటుంది. ఇంట్లో అత్తగారు ఆ కోడల్ని అన్న మాట మాత్రం ఎన్ని వారాలైనా అతకదు, అది మా డిపార్టుమెంటు కాదు.

ఇంటి దగ్గర

మెడలో తాడు, తాయెత్తు, గొలుసు ఏవుంటే అవి తీసేసి అత్తమ్మ చేతికివ్వండి. వలలూ తాళ్ళూ ఎక్కే చోట మెడతాడు చిక్కుకుంటే పిల్లల బరువే వాళ్ళకి ఉరి. దిష్టికని కట్టారు, సరే, ఇంటికొచ్చాక మళ్ళీ కట్టుకోవచ్చు.

కాలి పట్టీలు, గాజులు, ఉంగరాలు కూడా. ఉంగరం గురించి ఎవరూ అనుకోరు. వల మీంచి దూకేటప్పుడు ఉంగరం దారానికి తగులుకుంటే మనిషి కిందికొస్తాడు, వేలి చర్మం పైనే ఉంటుంది. ఇంతకన్నా వివరంగా రాయను. పెద్దవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది.

ఆడపిల్లలకి లంగా ఓణీ, పొడుగు గౌను వద్దు. టోపీ తాడున్న చొక్కా వద్దు. మోకాలు కప్పే మామూలు ప్యాంటు చాలు.

బామ్మల్ని తీసుకెళ్తుంటే ఎస్కలేటర్ సంగతి ముందే మాట్లాడుకోండి. మొదటిసారి ఎక్కేవాళ్ళకి లిఫ్టే మేలు. చీర కుచ్చిళ్ళు పక్కసందులో పడతాయి. పిల్లల మెత్తటి రబ్బరు చెప్పులు, ఆ బెజ్జాలున్నవి, ఇంకా తొందరగా పడతాయి, పక్కగోడకి కాలు ఆనించి నిలబడితే చాలు. ఎస్కలేటర్ రెండు కొసల్లోనూ ఎర్రటి ఆపే బొత్తాం ఉంటుంది. ఎక్కే ముందు అదెక్కడుందో చూసుకోండి.

లోపలికి వెళ్ళాక, ఆట మొదలెట్టక ముందు

2024 మే 25న రాజ్‌కోట్‌లో ఒక గేమ్ జోన్ తగలబడి 27 మంది పోయారు, అందులో పిల్లలున్నారు. రేకుల కట్టడం, లోపల వెల్డింగ్ పని, గో-కార్టులకీ (ఆ చిన్న రేసు బళ్ళకి) జనరేటర్‌కీ తెచ్చిపెట్టిన ఇంధనం, వచ్చిపోయేందుకు ఒక్కటే దారి. ఆ రోజు టికెట్ తగ్గించి 99 రూపాయలకి ఇచ్చారు, అందుకే అంత జనం. 2018 మార్చిలో రష్యాలో కెమెరొవో అనే ఊళ్ళో మాల్ పై అంతస్తున పిల్లల ఆటలూ సినిమా హాళ్ళూ ఉన్నచోట మంటలొచ్చి 60 మంది పోయారు. తెరుచుకోవలసిన తలుపులు తాళాలేసి ఉన్నాయి.

అందుకని పిల్లలు మేజోళ్ళు తొడుక్కునే ఆ అయిదు నిమిషాల్లో మీరొకరు వెళ్ళి రెండో దారి చూసి రండి. బోర్డు చూస్తే సరిపోదు. తలుపు తోసి చూడండి, తెరుచుకుందా? మెట్ల మీద అట్టపెట్టెలు, పాత బొమ్మలు పేర్చి లేవుగా? తాళం ఉంటే టికెట్ డబ్బులు అడిగి వెనక్కి వచ్చేయండి. డబ్బులివ్వకపోతే వదిలేసి వచ్చేయండి. ఎక్కడైనా వెల్డింగ్ జరుగుతుంటే కూడా అంతే.

విడిపోతే ఎక్కడ కలవాలో బయట ఒక చోటు అనుకోండి. పొగ వస్తే లిఫ్ట్ వద్దు.

ట్రాంపోలిన్

ఇక్కడ మళ్ళీ అదే తప్పు, ఇంకో వేషంలో.

రాజాం వైపు నించి ఏడేళ్ళ బాబు. మేనమామ ఊరి నించి వచ్చాడు, ముద్దు. "రారా, నిన్ను పైకి ఎగరేస్తాను" అని పక్కన దూకాడు. గుడ్డ కిందికి పోయి పైకి లేచే సమయానికి పిల్లవాడు దిగుతున్నాడు. ఎనభై కిలోలు తొక్కిన గుడ్డ లేచి ఇరవై కిలోల వాణ్ణి విసిరింది. చెయ్యి ఆనించి పడ్డాడు, మోచేతి పైన విరిగింది. అక్కడితో పోయేదే. దగ్గర్లో నాటుకట్టు ఉందని కట్టించారు, బిగించి. మూడోరోజుకి వేళ్ళు ఉబ్బి చర్మం మీద నీటిబుగ్గలు లేచాయి, అప్పుడు మా దగ్గరికి. ఆపరేషన్ అయింది. ఆ మోచెయ్యి ఇప్పటికీ పూర్తిగా మడవడు, అన్నం ఎడంచేత్తో తింటాడు. మేనమామ మళ్ళీ ఆ ఇంటికి రాలేదట.

అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2012లో చెప్పిన లెక్క: ట్రాంపోలిన్ దెబ్బల్లో దాదాపు ముప్పావు వంతు ఒకేసారి ఒకరికంటే ఎక్కువమంది ఎగిరినప్పుడే. అందరికంటే చిన్నవాడికి దెబ్బ తగిలే అవకాశం పెద్దవాడితో పోలిస్తే 14 రెట్ల దాకా. పిల్లల్ని సరదాకి ట్రాంపోలిన్ ఎక్కించడమే వద్దంటారు వాళ్ళు, అయిదేళ్ళు, ఆ లోపు వాళ్ళకి ఎముక విరిగే ముప్పు ఇంకా ఎక్కువని. మనవాళ్ళు మూడేళ్ళకే ఎక్కిస్తారు, "అన్నయ్య చూసుకుంటాడు" అని. అన్నయ్యే బరువు.

ఒక గడికి ఒక్కరు. మీరు గట్టు మీద. మీ బరువు పిల్లల దగ్గరికి తీసుకెళ్ళకండి. పక్కన దూకకండి, ఒళ్లో పెట్టుకుని జారకండి, రెండూ ఒకటే.

మిగతావి గుర్తొచ్చిన వరసలో రాస్తున్నాను, టైము లేదు, బయట ఇద్దరు కట్టు కోసం కూర్చున్నారు.

స్పాంజి గుంటలోకి తలకిందులుగా దూకనివ్వొద్దు. పిల్లిమొగ్గలు వద్దు. మెడ విరిగితే మా గదిలో చేసేదేం లేదు.

బంతుల్లో చిన్నపిల్లలు మునిగి ఉంటారు, పైనించి కనపడరు. మీ పెద్దవాడు దూకే ముందు చూడమనండి.

నోట్లో చూయింగ్ గమ్, లాలీపాప్, పాప్‌కార్న్ పెట్టుకుని ఎగరొద్దు. ఒక్కటీ వద్దు.

బిరియాని తర్వాత. ముందు కాదు.

కార్టు ఎక్కే ఆడపిల్లలు జుట్టు ముడేసి, ముడి హెల్మెట్ లోపలికి, గడ్డం కింద పట్టీ బిగించి. చున్నీ ఇంట్లో వదిలెయ్యండి. 2020లో హైదరాబాద్ శివార్లలో ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని జుట్టు చక్రంలో పడి చనిపోయింది. హెల్మెట్ పెట్టుకునే ఉంది.

మాల్ కింద తిరిగే బొమ్మరైలు చిన్నదే కదా అని చివరి పెట్టెలో పిల్లల్ని వదిలి వీడియో తీయకండి. 2024 జూన్‌లో చండీగఢ్ మాల్‌లో బోల్తా పడింది చివరి పెట్టే. పదకొండేళ్ళ బాబు పోయాడు. తల బయట పెట్టనివ్వొద్దు.

సీటు బెల్టుని ఆ ఆట నడిపే కుర్రాడు లాగి చూడాలి. లాగకపోతే మీరు లాగండి. వదులుంటే దిగిపోండి. "ఏమవదండి" అంటే అప్పుడు తప్పకుండా దిగిపోండి.

ఎత్తు కొలిచే గీత దగ్గర పిల్లాణ్ణి మునివేళ్ళ మీద నిలబెట్టకండి. ఆ గీత బెల్టు కోసం గీసింది, మీ పరువు కోసం కాదు.

ఫుడ్ కోర్టులో కూర్చుని గాజు అద్దం లోంచి చూడ్డం చూడ్డం కాదు.

చివరి పది నిమిషాలు, "ఇంకొక్కసారి నాన్నా" అన్నప్పుడు, వద్దనండి. ఎక్కువమంది అప్పుడు విరగ్గొట్టుకున్నవాళ్ళే. అలిసిన కాలు సరిగ్గా దిగదు. మీరూ అలిసిపోయి "సరే రా, నేనూ వస్తాను, తొందరగా అయిపోతుంది" అని ఒళ్లో కూర్చోపెట్టుకునేది అప్పుడే. ఒళ్లో పెట్టుకుని జారకండి.

దెబ్బ తగిలిందా, తోమకండి. లాగకండి. వేడి కాపడం పెట్టకండి. ఐసు నేరుగా కాదు, గుడ్డలో చుట్టి. రెండు అట్టముక్కలు గాని మడిచిన పేపరు గాని కాలికి రెండు పక్కలా పెట్టి చున్నీతో కట్టండి, బిగించొద్దు, ఎలా ఉన్న కాలిని అలాగే. వేళ్ళ గోళ్ళు చూస్తూ ఉండండి. నీలంగానో తెల్లగానో మారితే, చల్లబడితే, పిల్ల వేళ్ళు కదపకపోతే క్షణం ఆగొద్దు. 108.

పాలు, బిస్కెట్లు, నీళ్ళు కూడా ఇవ్వకండి, డాక్టరు చూసేవరకు. మత్తు ఇవ్వాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండాలి. ఏడుస్తోందని బామ్మ బ్యాగులోంచి తీసి పెడుతుంది, అటు ఓ కన్నేసి ఉంచండి.

"మన ఊరెళ్ళి చూపిద్దాం" అని అరవై కిలోమీటర్లు గతుకుల్లో తేవద్దు. విశాఖలోనే చూపించండి. నాటుకట్టు దారిలో ఉన్నా సరే, అటు తిప్పకండి.

అక్కడ వేసిన కట్టు తడపకుండా, తీసిన ఫిల్ము మడత పెట్టకుండా తెచ్చుకోండి. పదోరోజు మా దగ్గరికి వచ్చేటప్పుడు ఆ మొదటి ఫిల్ము చాలామంది మర్చిపోయి వస్తారు, మళ్ళీ తీయాల్సి వస్తుంది.