వానలకు ముందు సైకిల్ క్యారియర్: కింది బోల్టు చూసుకోండి

పోయిన వారం చెన్నై పెరంబూరులో మా వీధికి నీళ్ల క్యాన్లు వేసే అన్న సైకిల్ మీంచి పడ్డాడు. వెనక రెండు క్యాన్లు, నీళ్లే 40 కిలోలు. చక్రం గుంతలో దిగగానే క్యారియర్ ఎడమ కాలు ఊడి చువ్వల్లోకి దూరింది. మణికట్టు విరిగింది. వెనక వస్తున్న బస్సు ఆగింది కాబట్టి మనిషి మిగిలాడు.

ఆ క్యారియర్ నాసిరకం కాదు. నెల కిందటే పైన ఇనుప పట్టీలు వెల్డింగ్ చేయించాడు. తెగింది కింద క్యారియర్ కాలిని ఫ్రేముకు పట్టి ఉంచే 5 ఎం.ఎం. బోల్టు. నేను చూసినవన్నీ దాదాపు ఇలాంటివే. పైన ఇనుము పెంచుతారు, కింద పాత బోల్టే ఉంచుతారు. బరువంతా చివరికి దిగేది దాని మీదికే.

అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు వచ్చేస్తాయి. గుంతలో నీళ్లు నిలిస్తే లోతు తెలియదు. ఆలోపే ఈ పని చేయించుకోండి.

కాళ్లు: పాత రకం సైకిళ్లలో క్యారియర్ కాళ్లు ఇరుసు నట్టు కింద కూర్చుంటాయి. బరువుకు అదే మంచిది. కొత్త వాటిలో ఫ్రేముకున్న మర రంధ్రంలో చిన్న బోల్టు ఉంటుంది. తల మీద 8.8 అని అచ్చున్న గట్టి రకం బోల్టు అడిగి తీసుకోండి. వదులైన బోల్టే తెగుతుంది. బిగుతుగా ఉంటే కాలు ఫ్రేముకు అదుముకుని బరువు పంచుకుంటుంది. వదులైతే ప్రతి కుదుపుకూ బోల్టు వంగుతుంది, వంగి వంగి ఒకరోజు పుటుక్కుమంటుంది. లోపలివైపు చోటుంటే నైలాన్ ఉన్న నట్టు కూడా వేయండి. కాలికీ ఫ్రేముకూ మధ్య వాషర్లు పేర్చకండి, ఆ సందే బోల్టును వంచుతుంది. కుడివైపు బోల్టు కొస లోపలికి పొడుచుకొచ్చి చైనుకు తగలకూడదు.

ఊగడం: క్యారియర్ పట్టుకుని పక్కకు ఊపి చూడండి. కదిలితే వెనక రెండు కాళ్ల మధ్య ఇంటూ గుర్తులా రెండు కడ్డీలు వేయించండి.

వెల్డింగుకు క్యారియర్ విప్పి తీసుకెళ్లండి. ఫ్రేముకు మాత్రం వెల్డింగ్ పెట్టించొద్దు. అల్యూమినియం క్యారియర్‌కు అసలే వద్దు, వేడికి ఆ చోటే మెత్తబడుతుంది. క్యారియర్ మీద 25 కిలోలని రాసుంటే 25 కిలోలే. క్యారియర్ గట్టిపడిందని చక్రం గట్టిపడదు, ఒక్క చువ్వ తెగి ఉన్నా లోడు ఎక్కించకండి. బరువు ఇరుసు దాటి వెనక్కి వేలాడితే ముందు చక్రం తేలికై హ్యాండిల్ మాట వినదు, సీటు వైపుకి జరిపి కట్టండి. కట్టిన ట్యూబు ముక్క కొస వేలాడనివ్వకండి. బ్రేక్ రబ్బర్లు మార్చండి, తడి రిమ్ము మీద సైకిల్ ఆలస్యంగా ఆగుతుంది. లోడు మీద పిల్లల్ని కూర్చోబెట్టకండి. రైలు పట్టాల కింద పోయే గణేశపురం సబ్‌వేలో నీళ్లుంటే దిగకండి. బోల్టు తుప్పు పట్టిందా, మార్చండి. వంగిందా, మార్చండి. "ఇంకొన్నాళ్లు వస్తుందిలే" అన్న బోల్టే ఆ అన్న చెయ్యి విరగ్గొట్టింది.

కొత్త బోల్టు వేశాక మూడు రోజులు లోడుతో తిరిగి, 8 నంబరు స్పానరుతో మళ్లీ బిగించండి. ఆ తర్వాత వానలు తగ్గేదాకా వారానికోసారి.